పెద అప్పన్న, సిన అప్పన్న, ఒక గంప

2009 సంవత్సరం. విశాఖపట్నంలో ఒక చేపల జెట్టీ గేటు దగ్గర యాక్సెస్ కంట్రోల్ పెట్టే పని మా చిన్న సంస్థకి వచ్చింది. యాక్సెస్ కంట్రోల్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు అన్నది మనిషి బదులు యంత్రం రాసిపెట్టుకోవడం. అప్పటికి పదిహేనేళ్లుగా ఆ పనిలోనే ఉన్నాను. ఎన్నో గేట్లు పెట్టాను, చాలావాటిని మరిచిపోయాను కూడా. ఈ ఒక్క గేటు మాత్రం మరుపు రాదు. ఆ జెట్టీ పేరు ఇక్కడ రాయను. జరిగిన తప్పు జెట్టీది కాదు, అక్కడి ఆఫీసుదీ కాదు. అచ్చంగా నాది.

మాది కోనసీమ. స్టీల్ ప్లాంటు కట్టే రోజుల్లో నాన్నగారు ఉద్యోగానికి వచ్చి దువ్వాడలో ఇల్లు అద్దెకి తీసుకున్నారు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, తొంభైల మధ్యలో మద్దిలపాలెం డిపో ఎదురుగా మేడ మీద ఒక గది తీసుకుని బోర్డు పెట్టాను. మొదట్లో ఫ్యాక్టరీల్లో హాజరు కార్డు గుద్దే గడియారాలు బాగుచేసేవాణ్ణి. తరవాత కెమెరాలు వచ్చాయి, ప్లాస్టిక్ కార్డులు వచ్చాయి, వేలిముద్రలు వచ్చాయి. వాటితోపాటు నాకు గర్వం కూడా వచ్చింది. దానికి ఇన్‌స్టలేషన్ చార్జీ ఎవరూ అడగలేదు.

అంతకు ముందు ఏడాది చివర్లో ముంబయి మీద సముద్రం వైపు నుంచి దాడి జరిగింది. ఆ ఘోరానికి దేశమంతా కన్నీళ్లు పెట్టుకుంది. ఆ కన్నీళ్లు ఆరకముందే టీవీల్లో చర్చలు మొదలయ్యాయి. ఏ చానెల్ పెట్టినా మన తీరం మ్యాపు, దాని మీదికి దూసుకొచ్చే ఎర్ర బాణాలు. పడవెక్కితే వాంతి చేసుకునే పెద్దమనుషులు నలుగురు వరసగా కూర్చుని, జాలరులకి కార్డులివ్వాలి, జాలరుల మీద నిఘా పెట్టాలి అని ఒకరి మాట ఒకరికి వినపడకుండా అరిచేవారు. ఆ నలుగురిలో ఒక్క జాలరి అయినా ఉండేవాడు కాదు. తెల్లారేసరికి సముద్రం మీద ఏ కొత్త పడవ కనిపించినా ముందు చూసేది వాళ్లేనన్న సంగతి ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు లెండి. నేను కొటేషన్లు రాసుకునే హడావిడిలో ఉన్నాను.

ఆ రోజుల్లో ఊళ్లో కల్యాణ మండపాలకి కూడా డోర్ ఫ్రేమ్ డిటెక్టర్ కావాలని మాకు ఫోన్లు వచ్చేవి. అంటే తలుపు లేని గుమ్మం. లోహం ఏదైనా పట్టుకుని దాటితే కూత పెడుతుంది. ఒక పెళ్లిలో చూశాను. పెళ్లికొడుకు వాచీకి కూసింది, పురోహితుడి చెంబుకి కూసింది, తాళాల గుత్తికి కూసింది. పక్కన కుర్చీలో గార్డు హాయిగా కిళ్లీ నములుతున్నాడు. అది కూసినంతసేపూ అందరూ క్షేమంగా ఉన్నామనుకున్నారు. బిల్లు మీద సంతకం పెట్టించుకుని నేనూ రెండు లడ్డూలు తిని వచ్చాను.

జెట్టీ దగ్గర మాకిచ్చిన పని ఇది. బోటు నడిపే పెద్దని అక్కడ సరంగు అంటారు. ప్రతి బోటు సరంగుకీ ఫొటో కార్డు ఇవ్వాలి. వేటకి బయల్దేరేముందు గేటు దగ్గర రీడర్‌కి కార్డు చూపిస్తే స్క్రీన్ మీద అతని పేరు పక్కన 'అవుట్' పడుతుంది. తిరిగొచ్చి చూపిస్తే 'ఇన్'. ఏ నిమిషంలో అడిగినా సముద్రంలో ఎన్ని బోట్లున్నాయో ఒక్క మీట నొక్కితే తెలుస్తుంది. ఇంతకంటే ఏం కావాలి?

మొదటి గొడవ గంపల దగ్గర వచ్చింది. వేలం షెడ్డు గోడ వారగా ఎప్పుడూ పది పదిహేను గంపలు బోర్లించి ఉండేవి. మనుషులు ఉండరు, ఖాళీ గంపలు. ఒక్కోదానికి ఒక్కో గుర్తు: గుడ్డపీలిక, ఎర్రరంగు చార, నీలం నైలాన్ తాడు ముక్క. నా కేబుల్ ఆ గోడ వెంటే పోవాలి, నా కెమెరా అటే చూడాలి. పైగా గేటు మైకులో రోజంతా ఒక టేపు తిరిగేది: "యజమాని లేని వస్తువులు కనిపించినచో ముట్టుకొనరాదు. వెంటనే సిబ్బందికి తెలియజేయవలెను." ఆ టేపు కూడా మేం ఇచ్చిందే.

చేపలమ్మే ఆడవాళ్లకి పెద్దదిక్కు కాసులమ్మ. అరవై దాటిన మనిషి. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూనే స్పష్టంగా మాట్లాడేది. అది ఎలా సాధ్యమో నాకు నేటికీ తెలీదు. ఆమె దగ్గరికి వెళ్లాను.

"అమ్మా, ఈ గంపలు తీయించండి. ఎవరివో తెలీని సామాన్లు ఇలా వదిలేస్తే ఎలాగండీ?"

"ఎవరివో తెల్దేటి? మాకు తెల్సు బాబూ."

"మీకు తెలిస్తే చాలదండీ, రూలు ఒప్పుకోవాలి. యజమాని లేని వస్తువు ప్రమాదం."

ఆమె చుట్ట బయటికి తీసింది. "యజమాని నేకపోడవేటి? యజమాని సముద్రంల ఉన్నాడు."

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజమని అప్పటికి నాకు తెలీదు. బోటు వేటకెళ్లగానే ఆ ఇంటి ఆడమనిషి గంప తెచ్చి అక్కడ బోర్లిస్తుంది. బోటు రాగానే అదే గంప ఎత్తుకెళ్లి చేప దింపుకుంటుంది. గంప ఉందంటే బోటు ఇంకా నీళ్ల మీద ఉందని అర్థం. ఎవరూ రాయని రిజిస్టరు అది. నేను ఆ మాత్రం కూడా అడగకుండా దాన్ని అడ్డమనుకున్నాను.

"మీ కెమేరాకి కనబడకూడదు, అంతేకదా? ఎనకాల గోడకి ఏసుకుంటాం లెండి. మీరు కంగారు పడకండి, ఆయ్," అంది కాసులమ్మ, మా గోదావరి యాస తీసి వెక్కిరిస్తూ. మళ్లీ గొల్లుమన్నారు. ఆ రోజు నుంచి గంపలు షెడ్డు వెనక్కి వెళ్లిపోయాయి. నాలుగు కెమెరాలు పెట్టాను ఆ జెట్టీలో. చూడాల్సిన ఒక్క గోడనీ ఒక్క కెమెరా కూడా చూడలేదు.

రెండోది డేటా ఎంట్రీ దగ్గర. పేర్లు ఎక్కించే అమ్మాయి శాంతిది ఆ పక్క పేటే. నేను వారానికి రెండుసార్లు వెళ్లి చూసేవాణ్ణి. పెద నూకరాజు, సిన నూకరాజు, పెద పైడయ్య, సిన పైడయ్య, పెద అప్పన్న, సిన అప్పన్న... ఇలా సాగుతోంది జాబితా. ముద్దుపేర్లనుకున్నాను. మా ఊళ్లో ఇంట్లో పిలుచుకునే చిట్టి, బుజ్జి లాంటివని.

"ఈ పెదలూ సినలూ తీసెయ్యమ్మా. డేటాబేస్‌లో అసలు పేరే ఉండాలి. కార్డు మీద మరీ నాటుగా ఉంటుంది."

శాంతి కీబోర్డు మీద చేతులాపింది. "తీసేత్తే కలిసిపోతారండి సార్."

"కంప్యూటర్లో ఎవరూ కలిసిపోరమ్మా. ప్రతి కార్డుకీ నంబరుంది," అన్నాను.

కలిసిపోయారు. కలిపింది కూడా నేనే. కార్డు పోయిందని కొంతమంది రెండోసారి తీసుకున్నారన్న ఫిర్యాదు వచ్చింది. దానికి డీడూప్లికేషన్ అని ఒక పద్ధతి ఉంది, అంటే ఒకే మనిషి రెండుచోట్ల ఉంటే ఏరి ఒకటి చెయ్యడం. నేను రూలు రాశాను: ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు నాలుగూ ఒకటైతే మనిషి ఒక్కడే. రెండు కార్డుల్నీ ఒకే ఖాతాకి కట్టెయ్. పదిహేడు దొరికాయి. మీటింగులో లేచి నిలబడి, "పదిహేడు దొంగ కార్డులు పట్టుకున్నాం సార్" అని చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఇంటికెళ్లి ఆ రాత్రి మా ఆవిడకి కూడా చెప్పాను.

కార్తీక మాసంలో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. రేడియోలో ముందు రోజే చెప్పడంతో వేటకెళ్లిన బోట్లన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చేస్తున్నాయి. తెల్లారేసరికి పోర్టులో ప్రమాద హెచ్చరిక నంబరు పెంచారు. గాలికి షెడ్డు రేకులు టపటపలాడుతున్నాయి. జెట్టీ ఇన్‌ఛార్జి గారు నెమ్మదైన మనిషి, రిటైర్మెంటుకి దగ్గరలో ఉన్నారు. నన్ను పొద్దున్నే పిలిపించారు. మధ్యాహ్నం పన్నెండింటికి నా కుర్చీ వెనక నిలబడి అడిగారు.

"ఏమయ్యా, సముద్రంలో ఎవరైనా మిగిలారా?"

మీట నొక్కాను. "సున్నా సార్. అందరూ ఇన్."

ఎంత హాయిగా ఉందో ఆ మాట అనడానికి! ప్రింటు తీసి ఆయన చేతిలో పెట్టాను. అందరూ క్షేమమని పైకి పంపే కాగితం మీద ఆయన సంతకం పెట్టడానికి పెన్ను మూత తీశారు. అప్పుడు వచ్చింది కాసులమ్మ. వెనకాల ఇరవై రెండేళ్ల అమ్మాయి, తడిసి ముద్దయి ఉంది.

"బాబూ, ఒక గంప ఉండిపోనాది."

"ఏ గంపండీ?"

"నీలం తాడుది. ఈ లచ్చిది. దీని పెనిమిటి సిన అప్పన్న రానేదు. ఇంకో ముగ్గురున్నారు ఆ బోటుల."

నేను ఓపిగ్గా నవ్వి అప్పన్న అని కొట్టాను. స్క్రీన్ మీద పచ్చ అక్షరాలు. అప్పన్న, ఇన్, ఉదయం 5.40. "చూడండమ్మా, వచ్చేశాడు. ఎక్కడో టీ తాగుతూ ఉంటాడు."

లచ్చి అప్పుడు మొదటిసారి నోరు విప్పింది. "పొద్దున్న పదింటికి గేటుకాడ అడిగితే గార్డు కూడా ఇలాగే సెప్పినాడు సార్. వచ్చీసినాడు, పెట్టెల ఉన్నాదని. నాను నమ్మీసి బజారంతా తిరిగినాను. కల్లు కొట్టుకాడ సూసినాను, మా ఆడపడుసు ఇంటికెల్నాను. ఎక్కడా నేడు." తడి కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ పెట్టె సెప్పింది కదాని రెండు గంటలు తిరిగినాను సార్."

"అది పెద అప్పన్న బాబూ," అంది కాసులమ్మ మెల్లగా. "తెల్లారగట్ల వచ్చినోడు పెద్దోడు. ఈ పిల్ల పెనిమిటి సిన్నోడు. అన్నదమ్ములు."

"ఇద్దరి పేరూ అప్పన్నేనా?"

"మరేటి?"

నాలుగు గడులూ కళ్ల ముందు కదిలాయి. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు. ఇద్దరూ 'అవుట్' అయ్యారు. ఒకడు 'ఇన్' అవగానే ఖాతా మొత్తం 'ఇన్' అయిపోయింది. దొంగ కార్డు పట్టుకున్నానని చప్పట్లు కొట్టించుకున్నది ఈ మనిషి కార్డుకే. సముద్రంలో ఉన్న మనిషిని నేను చెరిపేశాను. ఒక్క క్షణం పాపిష్టి ఆలోచన కూడా వచ్చింది, దాచడం ఎందుకు: ఇప్పుడు ఒప్పుకుంటే మద్దిలపాలెం గదికి తాళమే అని. లచ్చి నా మొహంకేసే చూస్తోంది.

"సార్, సంతకం పెట్టకండి," అన్నాను. "తప్పు నాది. పెద, సిన నేనే తీయించేశాను. ఈమె చెప్పేది నిజం. నా కాగితం అబద్ధం."

ఇన్‌ఛార్జి గారు పెన్ను మూత పెట్టేశారు. వైర్‌లెస్ అందుకుని గస్తీ బోటు వాళ్లని పిలిచారు. అటు నుంచి జవాబు వెంటనే వచ్చింది. వెళ్తాం, కానీ ఎటు వెళ్లాలి? గాలి పెరుగుతోంది, సముద్రమంతా వెతకలేం, చోటు చెప్పండి అన్నారు.

నా దగ్గర చోటు లేదు. సరంగు ఫొటో ఉంది, కార్డు నంబరుంది, సెకన్లతో సహా టైముంది. చోటు మాత్రం లేదు.

అప్పుడు ఆ రేకుల గదిలో జరిగింది నేను బతికున్నంతకాలం మరిచిపోను. కాసులమ్మ గుమ్మంలో నిలబడి ఒక్క కేక పెట్టింది. "సిన అప్పన్న సంగతి ఎవులికేటి తెల్సో వచ్చి సెప్పండ్రా!" ఐదు నిమిషాల్లో గది నిండిపోయింది. ఐసు కొట్టేవాడు చెప్పాడు: "ఐసు తక్కువే ఎత్తినాడండి, దూరం ఎల్లడు." డీజిల్ మెకానిక్ చెప్పాడు: "ఇంజిను దగ్గతన్నాదిరా బావా, పంపు మార్సుకో అన్నాను. వచ్చేక సూద్దాం అన్నాడు." అంటే పాడై ఆగిపోయి ఉంటుంది, మునిగి ఉండకపోవచ్చు. పొద్దున్న ఆఖర్న వచ్చిన సరంగు, నీలం టార్పాలిన్ బోటొకటి కదలకుండా కనిపించిందనీ, వల లాగుతున్నారేమో అనుకున్నాననీ చెప్పి తల కొట్టుకున్నాడు. నిద్రలోంచి లేపితే పరిగెత్తుకొచ్చిన పెద అప్పన్న, తన తమ్ముడు వల వేసిన చోటు చెప్పాడు.

"బీమిలి లైటౌసు దీపం దాటి లోపలికండి. స్టీల్ ప్లాంటు గొట్టాలు యారాడ కొండ సాటుకి ఎల్లిపోయేకాడ. ఒక్క గొట్టం అగుపడాల, మిగిలినవి కొండెనక ఉండాల. అక్కడ ఏసినాడు వల."

"ఇప్పుడక్కడ ఉండడురా," అంది కాసులమ్మ. "రెండు రోజుల్నుంచి నీరు దచ్చినానికి లాగతన్నాది. ఇంజిను నేని బోటు నీటితో పోద్ది."

ఎంత దూరం పోద్దన్న దాని మీద పెద్ద పంచాయతీ జరిగింది. అందరూ ఒకేసారి అరిచారు, టీవీ చర్చలాగే. తేడా ఏమిటంటే ఇక్కడ ప్రతివాడికీ ఒక ముక్క నిజంగా తెలుసు, పక్కవాడి ముక్క కావాలని కూడా తెలుసు. ఏ ఒక్కడికీ మొత్తం తెలీదు. ఇన్‌ఛార్జి గారు ఒకరి మాట మీద ఇంకొకరి మాట పెడుతూ పెన్సిల్‌తో గీత గీస్తూ వచ్చారు. చివరికి ఒక చోట చుక్క పెట్టి వైర్‌లెస్‌లో చెప్పారు. ఆయన గీసిన కాగితం ఏమిటో తరవాత చూశాను. సున్నా అని నేను ప్రింటు తీసిచ్చిన కాగితం వెనక వైపు.

గస్తీ బోటు వెళ్లాక మూడు గంటలు. నేను గదిలో ఉండలేక షెడ్డు వెనక్కి వెళ్లాను. గోడ వారగా ఒక్కటే గంప, నీలం తాడుది, వానకి తడుస్తోంది. పక్కన లచ్చి గొంతుక్కూర్చుని ఉంది. ఏదో ఒకటి అనాలని, "వస్తారమ్మా" అన్నాను. నా మాటకి ఆ రోజు విలువేం ఉంటుంది? మా నాన్నగారు పనిచేసే ఫర్నేసు దగ్గర ప్రమాదం జరిగిన రోజున మా అమ్మ దువ్వాడ ఇంటి గుమ్మంలో ఇలాగే కూర్చుంది. ఆ రోజు నాన్నగారు నడుచుకుంటూ తిరిగొచ్చారు. వీళ్లాయన కూడా రావాలని సింహాచలం వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాను.

నాలుగు దాటాక వైర్‌లెస్ కూసింది. పెన్సిల్ చుక్కకి కాస్త దక్షిణంగా, ఇంజిను ఆగిపోయి కొట్టుకుపోతున్న బోటు దొరికింది. నలుగురూ ఉన్నారు. కాసులమ్మ "ఓలమ్మో, సింహాచలం అప్పన్న తండ్రీ!" అని రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. నేను కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను. శాంతి గ్లాసుతో నీళ్లిచ్చింది. ముందే చెప్పాను కదా సార్ అనలేదు. ఆ పిల్ల మంచితనానికి ఇవాళ్టికీ రుణపడి ఉన్నాను.

వెలుతురు ఉండగానే తాడు కట్టి లాక్కొచ్చారు. సిన అప్పన్న మెట్లెక్కి రాగానే లచ్చి ఏడుస్తుందనుకున్నాను. "ఇంజిను బాగుసేయించమంటే సేయించవు! నీకు బుద్దుందా?" అని అందరి ముందూ కడిగేసింది. తరవాత వెళ్లి గంప తెచ్చింది. చేప లేదు. అతని తడి చొక్కా అందులో వేసుకుని, నెత్తిన పెట్టుకుని ఇంటికి నడిచింది. వెనకాలే అతను. గేటు దాటుతూ అలవాటుగా రీడర్‌కి కార్డు చూపించాడు. 'అప్పన్న, ఇన్' అంది మెషీను. అప్పటికి అది నిజమైంది.

కాసులమ్మ దగ్గరికి వెళ్లి రెండు చేతులూ జోడించాను. "మీరు రాకపోతే నాలుగు ప్రాణాలు పోయేవమ్మా. నన్ను క్షమించండి."

"ఊరుకో బాబూ. ఆళ్లమ్మది కూడా తప్పే. పెద్దోడు పుట్టినపుడు సింహాచలం అప్పన్నకి మొక్కింది, సిన్నోడు పుట్టినపుడూ అప్పన్నకే మొక్కింది. మరి దేవుడు ఒక్కడే కదా, రెండు పేర్లెక్కడ తెస్తాది?" అని నవ్వి చుట్ట వెలిగించింది.

తరవాతి మీటింగులో మళ్లీ లేచి నిలబడ్డాను. పదిహేడు దొంగ కార్డుల్లో పద్నాలుగు పెద, సిన అన్నదమ్ములవనీ, మిగిలిన మూడూ నిజంగానే పోయిన కార్డులనీ, దొంగ ఒక్కడూ లేడనీ చెప్పాను. ఈసారి చప్పట్లు లేవు. పని మాత్రం మా దగ్గరే ఉంచారు. ఇన్‌ఛార్జి గారు నా తరఫున ఏదో చెప్పి ఉంటారు, ఏం చెప్పారో ఆయన ఎప్పుడూ బయటపెట్టలేదు. ఆయన్ని తలుచుకోని నెల లేదు. శాంతిని పక్కన కూర్చోబెట్టుకుని పెదలనీ సినలనీ మళ్లీ ఎక్కించాం. 'రేవులో పిలిచే పేరు' అని ఒక గడి పెట్టాం. గంపలు ముందు గోడకి తిరిగొచ్చాయి. కేబులే చుట్టూ తిప్పుకున్నాను. 'అందరూ ఇన్' అన్న కాగితం ప్రింటు కావాలంటే అంతకు ముందు ఒక ప్రశ్న అడిగేలా ప్రోగ్రాం మార్చాను: షెడ్డు గోడ చూశారా? అవును అని కొడితేనే ముందుకి కదులుతుంది. మెషీన్ కంపెనీ వాళ్లు ఇదేం సెక్యూరిటీ ఫీచర్ అని అడిగారు. లోకల్ రిక్వైర్‌మెంట్ అన్నాను.

అప్పట్నుంచీ ఎక్కడ గేటు పెట్టినా తీగ విప్పకముందు అక్కడివాళ్లని ఒక మాట అడుగుతాను. "ఈ పెట్టె రాకముందు మీకెలా తెలిసేదండీ?" అని. జవాబు ఎప్పుడూ ఉంటుంది. వినడానికి కాస్త తీరిక కావాలి, అంతే.

పని పూర్తిచేసి వచ్చేసే రోజున నా కార్డు కూడా చేయించుకోవాలని శాంతి పట్టుబట్టింది. వి.వి. సూర్యనారాయణ అని కొట్టింది. 'రేవులో పిలిచే పేరు' గడి దగ్గర ఆగింది. పక్కనే ఉన్న కాసులమ్మ తొంగిచూసింది.

"సూరిబాబని ఎయ్యకే. సూరిబాబులు మనకాడ నలుగురున్నారు, మల్లీ ఈ పెట్టె ఈయన్ని అట్టుకెల్లి ఎవులిలోనో కలిపీగల్దు," అని కాసేపు ఆలోచించింది. "గంప సూరిబాబని ఎయ్యి."

ఆ కార్డు ఇప్పటికీ నా పర్సులో ఉంది. అది ఏ గేటునీ తెరవదు. కానీ ఆ జెట్టీలో నాకోసం ఎవరైనా వచ్చి సూర్యనారాయణ గారెవరని అడిగితే తెలీదంటారు. గంప సూరిబాబంటే, "మనోడే, రండి" అని వెంటబెట్టుకుని తీసుకొస్తారు.